అమ్మ కొళాయి తిప్పిన లాడ్జీలు

మా ఇంట్లో మేనమామ ఊరు, పెదనాన్న ఊరు అనే మాటలు ఉండేవి కావు. మెట్ల లాడ్జీ, నల్లుల లాడ్జీ అనే మాటలు ఉండేవి. వేసవి సెలవులకు తోటి పిల్లలు అమ్మమ్మల దగ్గరికి పోతే, నేనూ మా చెల్లెలు సరోజా లాడ్జీలకు పోయేవాళ్ళం.

నాయన గొర్రెలు కాచే కుటుంబంలో పుట్టాడు. అమ్మది కొనకనమిట్ల దగ్గర క్రైస్తవ కూలీల కుటుంబం. పురోహితుడూ పాదిరీ లేకుండా ఒక సభలో దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నారు. ఆ రోజే రెండువైపులా తలుపులు మూసుకున్నాయి. ఒంగోల్లో కాపురం పెట్టారు. నాయన పలకల వ్యాపారం చేసేవాడు. బళ్ళు తెరవకముందే, మే నెలలో, మార్కాపురంలో సరుకు ఎత్తుకుని కంభం, గిద్దలూరు దాకా పుస్తకాల దుకాణాలకు వేసుకుంటూ పోయేవాడు. పాత వ్యానులో వెనక గడ్డి పరిచి పేర్చిన పలకల పెట్టెలు, ముందు మేం నలుగురం. పగలు పలకలు, సాయంత్రం ఏదో ఒక వీధిలో సభ. దేవుడు లేడని, కులం కట్టుకథ అని నాయన గంటసేపు మాట్లాడేవాడు. తర్వాత లాడ్జీ. నలుగురికీ ఒకటే గది.

ఈమధ్య ఆ దారిన మళ్ళీ వెళ్ళి వచ్చాను, ఒంటరిగా, బస్సుల్లో. సరదాకు కాదు. అమ్మానాయనల గురించి నేను రాసిన పుస్తకం అచ్చుకు సిద్ధంగా ఉంది. అందులో ఒక వాక్యం ఉంది: ‘మార్కాపురం లాడ్జీలో ఆ ఉదయం తర్వాత మా అమ్మ మళ్ళీ దేవుణ్ణి తలచలేదు.’ ప్రూఫులు గిద్దలూరులో ఉండే సరోజకు పోస్టులో పంపాను. మాకు మాటలు లేక మూడేళ్ళు. అమ్మ పోయిన రోజు సరోజ పిలిపించిన పాదిరిగారిని నేను గేటు దగ్గరే ఆపి, వెనక్కి పంపాను. ఆస్తికులు మా వాళ్ళ శవాల దగ్గర కూడా ప్రచారం చేసుకుంటారా అని నలుగురిలో అడిగాను. సరోజ వెళ్ళిపోయింది. ప్రూఫులు చేరిన మర్నాడు ఫోను చేసింది.

“ఆ మాట తీసెయ్ అన్నా. అబద్ధం.”

“ఆధారం చూపించు, తీసేస్తాను.”

“నేను చెప్పేది నీకు ఆధారం కాదులే. ఆ లాడ్జీలకే పో. అమ్మ కొళాయి ఎందుకు తిప్పేదో కనుక్కో. కనుక్కున్నాకే మా ఇంటికి రా.”

కొనకనమిట్ల మీదుగా

అమ్మ కొళాయి మా ఇంట్లో పాత జోకు. లాడ్జీల్లో తెల్లవారుజామున అమ్మ స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పిందంటే పావుగంట కట్టేది కాదు. ఆ మోతకు నేను సగం నిద్రలో విసుక్కునేవాణ్ణి. లేచాక “నీళ్ళన్నీ పారబోసి ఎవరికి పంట పండిస్తున్నావమ్మా” అనేవాణ్ణి. అమ్మ నవ్వేది. నాయన “పోనీలేరా” అనేవాడు.

బస్సు పొదిలి దాటి కొనకనమిట్ల వైపు తిరిగాక ఆ జోకులో నవ్వొచ్చేది ఏముందా అనిపించింది. కిటికీ బయట వానకోసం దున్ని వదిలేసిన చేలు. అక్కడక్కడా మేకలు, నీడలేని కంపచెట్టు కింద ఒక మనిషి. అమ్మ ఈ నేలలో పుట్టింది. బిందె నీళ్ళకు మైలు నడిచిన పిల్ల. ఒంగోలు ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తోమి, ఆ నీళ్ళే మందారం మొదట్లో పోసేది. కొళాయి చుక్క కారినా లేచి వెళ్ళి బిగించేది. అలాంటి మనిషి లాడ్జీల్లో మాత్రం నీళ్ళు ఎందుకు వదిలేసేది? ఇంత చిన్న ప్రశ్న యాభై ఏళ్ళ దగ్గర దగ్గర నాకు రాలేదు. నాయనలాగే సభలెక్కి ప్రశ్నించడం నా వృత్తి.

పక్క సీట్లో ఒక ముసలామె, ఒళ్ళో చింతపండు మూట. నా సంచీ చూసి పలకరించింది.

“ఎవురింటికి పోతన్నావు అబ్బయ్యా?”

“ఎవరింటికీ కాదు పెద్దమ్మా. మార్కాపురంలో లాడ్జీకి.”

“లాడ్జీకా?” నా ముఖం పరీక్షగా చూసింది. “అయ్యో పాపం. ఎవురూ లేరా?”

లాడ్జీ మనిషికి ఎలా స్వేచ్ఛనిస్తుందో ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆమె మూట విప్పి చింతపండు కాస్త చిదిమి నా చేతిలో పెట్టింది. నేను మాట్లాడటం ఆపి తిన్నాను. అమ్మ ఊరి మలుపు ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. వ్యానులో పోయేటప్పుడు అమ్మ మాత్రం ఆ మలుపులో కొంగు సర్దుకునేది. దిగేది కాదు, దిగమని మేమూ అనలేదు.

మార్కాపురం

మెట్ల లాడ్జీ ఉంది. మెట్లు కూడా ఉన్నాయి. కింద సెల్‌ఫోన్ల దుకాణాలు వచ్చాయి. గది ఆరువందలు, ఏసీ అయితే పన్నెండు వందలు.

నాయన లాడ్జీ రిజిస్టరును సభల్లో పొగిడేవాడు. మన దేశంలో సత్రానికి కులం పేరు, హాస్టలుకు కులం పేరు, శ్మశానానికి కూడా కులం పేరు. లాడ్జీ పుస్తకంలో మాత్రం పేరు, ఊరు, పని, అంతే. కులం గడి లేని పుస్తకం ఇదొక్కటేనని చెప్పేవాడు. నేనూ ఆ మాట అరువు తెచ్చుకుని చాలాచోట్ల వాడాను. కౌంటర్లో ఉన్నాయన నా ఆధార్ కార్డు ఇటూ అటూ తిప్పాడు.

“ఇంటిపేరు ఒక్కక్షరమే ఉంది. పూర్తిగా ఏంది సార్?”

“అది గదికి అవసరమా?”

“అవసరమని గాదు. మనోళ్ళేమోనని.”

“మనోళ్ళంటే ఎవరు?”

“అదే సార్, మనోళ్ళు” అని నవ్వాడు. అయిదు నిమిషాలు అతనికి కులం మీద ఉపన్యాసం ఇచ్చాను. ఓపిగ్గా విన్నాడు. చివర్లో తాళం చేతిలో పెడుతూ, “మీరు చెప్పింది కరెక్టే సార్. పైన లైటుకూ ఫ్యానుకూ ఒకటే స్విచ్చి. లైటు ఆర్పితే ఫ్యాను ఆగిపోద్ది, చూసుకోండి” అన్నాడు. ఆ రాత్రి వెలుగులోనే పడుకున్నాను. రెండు మంచాల గది. రెండో మంచం మీద సంచీ పెట్టాను, ఖాళీగా కనపడకుండా.

ఆ సాయంత్రం బజారులో పలక అడిగాను. ప్లాస్టిక్‌ది తీశాడు దుకాణదారుడు. రాతిపలక కావాలన్నాను. లోపలికిపోయి వెతికి, దుమ్ము తుడిచి తెచ్చాడు. “మనవడికా సార్?” అన్నాడు. నాకు పిల్లలు లేరు. నాకేనని చెప్పాను. యాభై రూపాయలు తీసుకుని, బలపం ఊరికే ఇచ్చాడు. రాతి పనిచేసే ఊళ్ళో రాతిపలక వెతికి తేవాల్సి రావడం నాయన చూడలేదు, నయం.

ఈ లాడ్జీలోనే నేను నా మొదటి వాదం గెలిచాను. ఈ కథ నా ఉపన్యాసాలు విన్నవాళ్ళకు తెలిసే ఉంటుంది. నాకు పదకొండేళ్ళు. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే అమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద ఉంది. తలమీద కొంగు, పెదాలు కదులుతున్నాయి. ముందురోజు సభలో నాయన అన్న మాటలు నా బుర్రలో ఇంకా వేడిగా ఉన్నాయి.

“వింటున్నాడా అమ్మా?” అన్నాను.

ఆమె ఉలిక్కిపడింది.

“వింటే మీ ఊరి బావిలో నీళ్ళెందుకు లేవు? వినకపోతే ఎవరితో మాట్లాడుతున్నావు?”

నాయన లేచి కూర్చుని పకపకా నవ్వాడు. ఏడేళ్ళ సరోజ కూడా, ఎందుకో తెలియకుండానే, నవ్వింది. అమ్మ కొంగు తీసేసి లేచింది. నా జుట్టు సర్ది, “నిజమే నాయనా” అంది. ఆ తర్వాత ఆమె మోకరించగా నేను చూడలేదు.

ఈ కథకు సభల్లో చప్పట్లు పడేవి. పుస్తకంలోని ఆ వాక్యానికి ఇదే ఆధారం.

కంభం

ఉదయం ఏడింటికల్లా కంభంలో దిగి, బస్టాండు దగ్గర ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులకు ఉల్లిపాయ, పప్పులపొడి పట్టించి, పక్కన మిరపకాయ బజ్జీ. ముప్ఫై రూపాయలు. ఒంగోల్లో ఇది దొరకదు. ఈ తాలూకాలు ఒకప్పుడు కర్నూలు జిల్లావి. జిల్లా మారినా నాలుక మారలేదు. బజ్జీ కారానికి కళ్ళనీళ్ళు వస్తే బండి ఆయన “మజ్జిగ ఇమ్మంటావా అన్నా, అలవాటు లేనట్టుందే” అన్నాడు. ఈ రోడ్డుమీద పెరిగానని చెప్పబోయి, మానుకున్నాను. రోడ్డు మీద పెరగడమంటే ఏమిటో ఆయనకు విడమరచి చెప్పాలి.

కంభం లాడ్జీకి బోర్డు లేదు. నాలుగు గదుల మేడ. మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలో మస్తానమ్మ కూర్చుని ఉంది. అప్పట్లో ఆమే, భర్తా కలిసి నడిపేవారు. ఇప్పుడు ఎనభై దగ్గర పడుతుంది, ఒక్కతే ఉంటోంది. గదులు పత్తి వ్యాపారులకు ఇస్తోంది.

“నాలుగొందలు. రెండు బకెట్ల నీళ్ళు. కొళాయిలో రావు, అడగొద్దు” అంది, నా వైపు చూడకుండానే.

నేను పలకలాయన కొడుకునని చెప్పాను.

“ఏ పలకలాయన? అప్పుడు వచ్చినోళ్ళంతా పలకలోళ్ళే.” కళ్ళు చికిలించి చూసింది. “దేవుడు లేడనేవాడే, ఆయనా?”

“ఆయనే.”

“బో మంచోడు. ఉండాడా?”

“లేడమ్మా.”

“నీళ్ళామె?”

“నీళ్ళామె ఎవరు?”

“మీ యమ్మేలే. మేము అట్లనే అనుకునేవాళ్ళం. తెల్లారుజామున కొళాయి తిప్పిందంటే పైన తొట్టి అడుగంటాల్సిందే. ఎండాకాలం. దాన్ని నింపేటప్పటికి మా ఆయనకు నడుము ఇరిగేది. మొదటేడు నేను మేడెక్కి కేకలేసినా.”

“ఆమె ఏమంది?”

“ఆమె ఏమంటది, తల వంచుకుని నిలబడింది. మీ నాయన కిందికొచ్చి, ‘మస్తానమ్మా, ఆమెను ఒక్క మాట అనొద్దు. పోయిన నీళ్ళు నేను మోసి పోస్తా’ అన్నాడు. అట్లనే పోసినాడు. ఆ బోరింగు కొట్టి, బకెట్లెత్తుకుని, మెట్లెక్కి. అప్పట్నుంచి ఏటేటా అంతే. పైన ఆమె కొళాయి తిప్పితే, కింద ఆయన బోరింగు కొట్టేవాడు.”

లాడ్జీల్లో నాయన తెల్లవారుజామున వ్యాయామానికని బయటికి పోయి, చొక్కా తడుపుకుని వచ్చేవాడు. చెమట అనుకునేవాణ్ణి.

“ఎందుకు తిప్పేదో తెలుసా అమ్మా?”

“ప్రార్థన చేసుకునేదానికి.”

“నువ్వు చూశావా?”

“తలుపేసుకుంటే ఎట్ల జూస్తా? విన్నా. ఆ స్నానాలగది కిటికీ మా వంటింటి పైనే. ‘తండ్రీ, తండ్రీ’ అంటా ఉండేది.”

“నీళ్ళ మోతలో ఎలా వినపడింది? ఏదన్నా పాట కావచ్చు కదా.”

“నువ్వేమన్నా పోలీసోడివా నాయనా?” మస్తానమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. “పాటేదో ఏడుపేదో ప్రార్థనేదో నాకు తెలీదా? ఇన్నేండ్లు లాడ్జీ నడిపినా. గోడల ఇవతల్నించి మనుషుల్ని ఇని ఇని ముసలిదాన్నయిపోయినా.”

సాక్షిని బెదిరించి లాభం లేదని నాకు తెలుసు. పైకి వెళ్ళి గదిలో కూర్చున్నాను. స్నానాలగది తలుపు తీసి చూశాను. మనిషి మోకరిస్తే మోకాళ్ళు గోడకు తగులుతాయి.

చూడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ మాట ఎన్ని సభల్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అమ్మ దగ్గరికి వచ్చేసరికి నేను చూడలేదు కాబట్టి లేదని రాసి, సంతకం పెట్టాను. ఒంగోలు ఇంట్లో మేం బడికీ, నాయన బజారుకూ పోతే పగలంతా ఇల్లు ఆమెదే. చాటు అవసరం లేదు. లాడ్జీల్లోనే అవసరం, ఎందుకంటే అక్కడ ఉండేది ఒకటే గది.

ముందు నాయన మీద కోపం వచ్చింది. స్వేచ్ఛ గురించి వీధుల్లో అరిచిన మనిషి ఇంట్లో భార్యను స్నానాలగదిలోకి తోశాడా అని. ఆ కోపం ఎంతోసేపు నిలబడలేదు. ఆ గదిలో ఉండేది నలుగురం. ప్రార్థించేది అమ్మ. ఆమె వదిలిన నీళ్ళు మోసేది నాయన. ఒకసారి నవ్వినందుకు ఏటేటా మోశాడు. సరోజకు సంగతి తెలుసు. ఇక ఆ నీళ్ళ మోత ఎవరి చెవులకోసమో తేల్చడానికి పెద్ద తర్కం అక్కర్లేదు.

భోజనానికి మస్తానమ్మ పిలిచింది. జొన్నరొట్టె, గోంగూర. ఆకలి లేదని చెప్పాను. పళ్ళెం గది ముందే పెట్టి, మూత వేసి వెళ్ళింది. కంభం చెరువు చూడకుండా వచ్చానని చెబితే స్నేహితులు తిట్టారు. ఆ పూట నేను గదిలోంచి బయటికి రాలేదు.

గిద్దలూరు

మర్నాడు మధ్యాహ్నం గిద్దలూరులో దిగాను. కొండగాలి ఉంటుందనుకున్నాను, వడగాలి ఉంది. సరోజ అక్కడ బళ్ళో టీచరుగా చేసి రిటైరైంది. బావ పొలం పనిమీద ఊరు వెళ్ళాడు. తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూసింది. జుట్టంతా నెరిసింది. మూడేళ్ళలో అంత నెరుస్తుందని నేననుకోలేదు.

“కనుక్కున్నావా?”

“కంభంలో.”

“మస్తానమ్మ ఇంకా ఉందా?” అంటూ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. విన్నదంతా చెప్పాను. చెప్పి, “నీకెప్పట్నుంచి తెలుసు?” అన్నాను.

“మొదట్నుంచీ. నన్ను గూడా లోపలికి తీసుకుపోయేది. బకెట్టు బోర్లించి దానిమీద కూర్చోబెట్టేది. కాళ్ళమీద నీళ్ళు పడతా ఉంటే నాకు బలే ఇష్టం.”

“నాయనకు తెలుసు. నీకు తెలుసు. లాడ్జీ ఆమెకు కూడా తెలుసు.”

“నీకొక్కడికే తెలీదు.”

“ఎందుకు చెప్పలేదు?”

“చెబితే మళ్ళా వాదం పెడతావని. ‘ఒకసారి ఓడిపోయినాగదా, ఇంక చాల్లేమ్మా’ అనింది అమ్మ.”

“నాకప్పుడు పదకొండేళ్ళు సరోజా.”

“అప్పుడు పదకొండు. ఆ తర్వాత నీకు ఇరవై వచ్చె, నలభై వచ్చె, యాభై వచ్చె. ఆ కథ ఎన్ని స్టేజీలమీద చెప్పినావన్నా? అమ్మ ముందు వరసలో కూర్చునేది. నువ్వు ఆమెమాదిరి తలమీద ముసుగేసుకుని చూపించేవాడివి. జనం నవ్వేవాళ్ళు. ఆమె గూడా నవ్వేది.”

సరోజ లేచి ఫ్యాను పెంచి వచ్చి కూర్చుంది.

సంచీలోంచి నా ప్రూఫు కాగితాలు తీసి, ఆ వాక్యం వెతికి, కొట్టేశాను. ఆమె మెడ చాచి చూసింది.

“దాని బదులు ఏం రాస్తావు?”

“ఉన్నది రాస్తాను. అమ్మ నమ్మేదని రాస్తాను. మాకు చాటుగా, ముఖ్యంగా నాకు చాటుగా, నమ్మేదని రాస్తాను. ఆ నమ్మకం తప్పని కూడా రాస్తాను. అది మార్చలేను.”

“రాసుకో. తప్పో ఒప్పో నీ ఇష్టం. లేదని మాత్రం రాయొద్దు.” కాగితాలు నా వైపు జరిపింది. “పాదిరిగారిని గేటు కాడ ఆపింది గూడా రాస్తావా?”

“రాస్తాను.”

“సరే. అన్నం తిను ముందు.”

వంకాయ పచ్చడి, చారు. అమ్మ చేసినట్టే ఉప్పు తక్కువ. తిన్నాక నడుం వాల్చమంది. నేను నిద్రపోలేదు, ఆమె కూడా పోలేదు. గోడకు అవతల గిన్నెలు సర్దుతున్న చప్పుడు వింటూ పడుకున్నాను.

పొద్దువాలే వేళకు ఇద్దరు పక్కింటి ఆడవాళ్ళు వచ్చారు. రోజూ ఆ వేళకు సరోజ ఇంట్లో చిన్న ప్రార్థన ఉంటుందట. నన్ను చూసి గుమ్మంలో ఆగిపోయారు.

“మా అన్న. రండి, ఏం గాదు” అని సరోజ చాప పరిచింది. నా వైపు తిరిగి, “నువ్వు కుర్చీలోనే కూర్చో. లేవాల్సిన పనిలేదు” అంది.

“నేను చేతులు జోడించను.”

“జోడించమని ఎవురన్నారు?”

ముగ్గురూ చాపమీద మోకరించారు. సరోజ తలమీద కొంగు వేసుకుని మొదలుపెట్టింది. గొంతు బయటికి రాలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. మిగతా ఇద్దరూ ఆమె వైపు వంగారు. కాసేపు చూసి వాళ్ళలో పెద్దామె కళ్ళు తెరిచింది.

“ఏంది టీచరమ్మా, గొంతు పోయిందా? రోజూ వీధి చివరిదాకా వినపడేది.”

“ఏం లేదులే” అంది సరోజ. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ గుసగుసే.

“గట్టిగానే చేసుకో సరోజా” అన్నాను.

ఆమె కళ్ళు తెరవకుండానే తల ఊపింది. ప్రయత్నించింది కూడా. మొదటి మాట కాస్త పైకి వచ్చి, రెండో మాటకు అణిగిపోయింది. అది ఆమె కావాలని చేస్తున్నది కాదు. ఏడేళ్ళ వయసులో నేర్చుకున్నది.

లేచి, చెప్పులేసుకుని బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేశాను. వీధిలో ఎవరో గేదెను తోలుకుపోతున్నారు. ఎదురింటి అరుగుమీద నిలబడ్డాను. కొద్దిసేపటికి కిటికీలోంచి సరోజ గొంతు లేచింది. చక్కటి గొంతు, నిండుగా, వెరపు లేకుండా. ప్రార్థనలో మా అమ్మ గొంతు కూడా అలాగే ఉండేదేమో, నేను విననే లేదు. మధ్యలో రెండుసార్లు ‘మా అన్న’ అనే మాట వినపడింది. నాకోసం ఏమడిగిందో తెలియలేదు. అప్పుడే ఒక ఆటో పోయింది.